పండుదొకటి, వగరుదొకటి

మా మనవరాలి భర్త కిషోర్‌కి లాటరీలో వైన్ షాపు తగిలింది. తగిలిన మర్నాడే స్వీటు డబ్బా పట్టుకొచ్చి, "అమ్మమ్మగారూ, అన్నేళ్ళు కౌంటరు మీద కూర్చున్నారు. నాకు నాలుగు ముక్కలు చెప్పండి" అన్నాడు. నోటితో చెబితే ఫోను చూసుకుంటూ వింటాడు. అందుకని రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు వంకరగా ఉన్నా అర్థమవుతాయి. కొత్తగా షాపు తీసుకున్న మిగతావాళ్ళు కూడా చదువుకోవచ్చు.

లైసెన్సు ఎవరి పేరు మీద ఉండాలి, ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి అనే గొడవలు ఇందులో ఉండవు. అవి ప్రభుత్వం మారినప్పుడల్లా మారతాయి. ఎంత మిగులుతుందో కూడా రాయను. గ్రిల్లుకి ఇవతల కూర్చున్న మనిషికి అవతలి మనిషి ఎలా కనిపిస్తాడో, అది మాత్రం మారదు. అదే రాస్తాను.

గ్రిల్లు వెనక

మా షాపు తెనాలి స్టేషనుకు దగ్గర. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో చిన్న వసారా. షాపు పెట్టింది మా ఆయన. బోర్డు మీద పెద్ద అక్షరాలతో వైన్స్ అని ఉండేది గానీ లోపల వైను ఉండేది కాదు. మన వైపు ఏ షాపులోనైనా అంతే. బ్రాందీ, విస్కీ, బీరు. ఎవరైనా వైను అడిగితే పక్కనున్నవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు.

ఆయన పోయాక మా మరిది సాంబయ్య వచ్చి కూర్చున్నాడు. "వదినా, షాపు ఎవరికైనా అప్పజెప్పెయ్. ఆడమనిషి బ్రాందీ కొట్టు మీద కూర్చుంటే మేం మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు.

"మీ అన్నయ్య కూర్చున్నప్పుడు ఎక్కడ పెట్టుకున్నావో అక్కడే పెట్టుకో" అన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు షట్టరు ఎత్తాను. మొదట్లో మగవాళ్ళు నా మొహం చూసి గొంతు తగ్గించుకుని, మందుల షాపులో అడిగినట్టు, "ఒక క్వార్టరండి" అనేవాళ్ళు. ఆడవాళ్ళు పక్క సందులోంచి వచ్చి కిటికీ తట్టేవాళ్ళు. బాలింతకు ఒక చెంచాడు బ్రాందీ పట్టించే అలవాటు మన ఇళ్ళల్లో ఉండేది కదా, దానికోసం. నేను కిటికీ తెరవలేదు. సిగ్గుపడాల్సిన పనైతే కొనొద్దు, కాకపోతే ముందు నుంచి వచ్చి కొనుక్కో అని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు ముందు నుంచే వచ్చారు.

ఈ వ్యాపారం గొప్పదని నేను ఎవరికీ చెప్పను. దీంట్లో వచ్చిన అన్నమే తిన్నాను కాబట్టి చెడ్డదని తిట్టే హక్కూ నాకు లేదు. ఒక్క సంగతి చెబుతాను. మార్కెట్లో కూరలమ్మే మంగ అనే మనిషి ఒకరోజు వచ్చి, "మా ఆయనొస్తే లేదని చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. సరేనన్నాను. సాయంత్రం ఆయన వచ్చాడు. లేదన్నాను. ఆయన నా వెనకున్న ర్యాకు వంక చూసి, "మరి అవన్నీ ఏంటి మామ్మా, కొబ్బరినూనెలా?" అన్నాడు. నిలబడ్డ జనమంతా నవ్వారు. ఆ అవమానానికి ఇంకో షాపుకెళ్ళి రెట్టింపు తాగి, ఇంటికెళ్ళి మంగ మీద చెయ్యి చేసుకున్నాడు.

కౌంటరు మీద అబద్ధం ఆడకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. కూలి డబ్బుతో నేరుగా వచ్చినవాడికి "ఒకసారి ఇంటికెళ్ళి మొహం కడుక్కుని రా, ఇస్తాను" అని మాత్రం చెప్పేదాన్ని. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చేవాళ్ళు కాదు. ఆ బేరాలు పోయినందుకు నాకెప్పుడూ బాధ లేదు.

చెంచా

ఈ పనిలో నాకు పై అధికారి అంటే మా ఆయనొక్కడే. కొత్త సరుకు ఏదొచ్చినా ర్యాకులో పెట్టే ముందు చెంచాతో రుచి చూసేవాడు. మెడ కొంచెం వంగిన చిన్న స్టీలు చెంచా. ఒకసారి నాక్కూడా ఇచ్చాడు. నేను ఛీ అన్నాను.

"ఏంటే, పచ్చళ్ళు అమ్మేది ఉప్పు చూడకుండా అమ్ముతుందా? నాలుక మీద పెట్టుకో. కాస్త ఆగు. ఉమ్మెయ్. గొంతు దిగనివ్వకు" అన్నాడు.

"దిగితే?"

"దిగితే అది నీ సరుకైపోతుంది. అమ్మాల్సింది వాళ్ళ సరుకు."

ఇది చదివి మావాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ. కౌంటరు మీద ఉన్నన్నాళ్ళూ కొత్త రకం వచ్చినప్పుడల్లా ఒక చెంచా చూశాను, ఉమ్మేశాను. ఒక్కసారి కూడా మింగలేదు. మా ఆయన ప్రతి సరుకుకీ ఒక కూరగాయ పేరు పెట్టేవాడు. ఒక బ్రాందీ కాకరకాయ. ఒక విస్కీ మాడిన వంకాయ. ఆ పేర్లు మా ఇద్దరికే తెలుసు. జనం ఉన్నప్పుడు "ఒక కాకరకాయ తియ్యవే" అంటే నేను నవ్వు ఆపుకుంటూ సీసా అందించేదాన్ని.

ఆస్ట్రేలియా సీసాలు

ఆయన పోయిన కొన్నేళ్ళకు, గుంటూరు నుంచి తిరిగే కంపెనీ మనిషి ఒకాయన రెండు రకాల ఎర్ర వైను సీసాలు తెచ్చి కౌంటరు మీద నిలబెట్టాడు.

"ఆస్ట్రేలియా సరుకండీ. ఫారిన్‌వాటిల్లో ఇదే చవక. మూత తిప్పితే చాలు, పండు వాసన మొహం మీదకొస్తుంది."

"తెనాలిలో ఎవరు కొంటారయ్యా?"

"పెడితే కొంటారండి."

"పెడితే దుమ్ము పడుతుంది. నువ్వొచ్చి తుడుస్తావా?"

అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటానని నలుగురి ముందు ఒప్పించాకే తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి చెంచా తీశాను. మొదటిది నేరేడుపండు నోట్లో చితికినట్టుంది. చివర్లో బెల్లం. రెండోది మొదలు పండులాగే ఉండి, ఆ తర్వాత తోలు, గింజ అన్నీ కలిపి నమిలినట్టు, చివరికి వక్క కొరికినట్టు నోరు బిగుసుకుంది. సీసాల మీద పేర్లకు నాకు నోరు తిరగదు. ఒకటి పండుది, ఒకటి వగరుది అని పెట్టుకున్నాను. చెంచా కడుగుతూ చాలాసేపు నిలబడిపోయాను. ఆయన ఉంటే వీటికి ఏం పేరు పెట్టేవాడా అని. కూరగాయలు సరిపోవు, పళ్ళలోకి రావాలి. ఆయనకి నేరేడుపళ్ళంటే ప్రాణం.

ఆ సీసాలు కదలడానికి చాలాకాలం పట్టింది. రేపల్లె వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన పండుది తీసుకెళ్ళి, మర్నాడు ఖాళీ సీసా పట్టుకొచ్చాడు.

"మామ్మా, ఇదేంటి, ద్రాక్షరసం అంటగట్టావు? ఐసేసి సోడా కొట్టినా ఎక్కలేదు."

"ఎక్కడానికి అదేమన్నా తాటిచెట్టా? పూటకి ఒక గ్లాసు తాగమన్నాను గానీ ఐసు, సోడా పొయ్యమన్నానా?"

కాకుమాను నుంచి ఒక అత్తగారు వచ్చింది. కోడలికి ఒంట్లో రక్తం లేదట. ఎర్ర వైను తాగితే రక్తం పడుతుందని ఎవరో చెప్పారట. "ఎర్రగా ఉన్నదల్లా రక్తమైతే బీట్‌రూట్ తినిపించు. కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఈ సీసా ఖరీదుకి మాత్రలొస్తాయి" అని పంపేశాను. ఆవిడ కోపంగా వెళ్ళింది. అక్కడే ఉన్న కంపెనీ మనిషి తల కొట్టుకున్నాడు.

ఒకే సీసా ఒకరికి పానకం, ఇంకొకరికి కషాయం. వాళ్ళతో వాదించకు కిషోర్. ఇది మంచి రకం అని ఎవరికీ చెప్పకు. మంచి రకమని ఒకటి ఉండదు. "నీకే పండు ఇష్టం?" అని అడుగు. పనసతొనలు ఇష్టమన్నవాడికి పండుది ఇవ్వు. మామిడిపిందె ఉప్పద్దుకుని కొరికేవాడికి వగరుది ఇవ్వు. ఇంతకంటే శాస్త్రం నాకు తెలీదు.

ఇద్దరు మనుషులు, ఒక సీసా

ఇప్పుడు నేను అసలు రాద్దామనుకున్నది రాస్తాను.

వెంకటరత్నంగారిది బాపట్ల. వ్యవసాయ శాఖలో మట్టి పరీక్షలు చేసి రిటైరయ్యారు. భార్య పోయి చాలాకాలం. ఉద్యోగంలో ఉండగా ఆయన్ని శిక్షణకని ఆస్ట్రేలియా పంపారట. కొద్ది నెలలే. అక్కడి ద్రాక్షతోటల్లో ఎర్రమట్టి తవ్వి చూశారట. ఆ సాయంత్రాల గురించి మాట్లాడితే నిన్నగాక మొన్న దిగొచ్చిన మనిషిలా ఉండేవారు.

సుగుణమ్మగారిది రేపల్లె. రిటైరైన నర్సు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా ఆవిడ పనిచేసిన మిషన్ ఆసుపత్రిలో ఒక ఆస్ట్రేలియా డాక్టరమ్మ ఉండేదట. క్రిస్మస్ రోజున నర్సులందరినీ కూర్చోబెట్టి, మందు కొలిచే గాజు గ్లాసుల్లో తలా ఒక గుక్క ఎర్ర వైను పోసేదట. ఆ డాక్టరమ్మ వెళ్ళిపోయాక మళ్ళీ ఆ రుచి తగల్లేదని చెప్పేవారు.

ఒక రెండో శనివారం బాపట్ల నుంచి ఆయన, రేపల్లె బండిలో ఆవిడ, ఇంచుమించు ఒకే వేళకు నా గ్రిల్లు ముందు నిలబడ్డారు. ఒక్క ఆస్ట్రేలియా సీసా మిగిలింది. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని మర్యాదలు మొదలెట్టారు. వెనక లైను పెరుగుతోంది.

"సీసా విప్పితే మీ ఒక్కరికీ అయ్యేదాకా పులవకుండా ఉంటుందా?" అని ఆయన్ని అడిగాను.

"ఉండదండి. సగం పారబోస్తున్నాను."

"మీరో అమ్మా?"

"నేనూ అంతేనండి. పాపం అనిపిస్తుంది."

పారబోయడం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. షాపులో సీలు విప్పి లూజుగా అమ్మకూడదు. అది నేరం. కాబట్టి ఇద్దర్నీ కలిపి కొనుక్కోమన్నాను. కొన్నాక సీసా మీది, విప్పేదీ మీరే, వెనక వసారాలో కూర్చుని చెరిసగం తాగి వెళ్ళండి అన్నాను. నేను చేసింది అంతే. పొదుపు కోసం చేశాను, ఇంకెందుకూ కాదు.

అది అలవాటైపోయింది. నెలకోసారి, రెండో శనివారం, మధ్యాహ్నం బండికి దిగేవాళ్ళు, సాయంత్రం బండికి వెళ్ళేవాళ్ళు. ఒక నెల ఆయన వంతు, ఒక నెల ఆవిడ వంతు. ఎవరు డబ్బిస్తే వాళ్ళదే ఎంపిక. ఆవిడ ఎప్పుడూ పండుదే. ఆయన ఎప్పుడూ వగరుదే. అందుకని ప్రతి నెలా ఇద్దరిలో ఒకరి మొహం ముడుచుకునే ఉండేది. గొడవ షాపులోకి వినిపించేది.

"ఇది వైను కాదండి, చంటిపిల్లల సిరప్పు."

"మీది మరీ బాగుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు."

"పండంటే గుజ్జొక్కటే కాదమ్మా. తోలుంటుంది, గింజుంటుంది. నేల రుచంతా తోల్లోనే ఉంటుంది."

"మీరు నేరేడుపండు తోలు తిని గుజ్జు ఊస్తారా మాస్టారూ?"

"అసలు బిరడా లేని సీసా సీసానే కాదు. నేనక్కడ చూసినప్పుడు బిరడాలే."

"మీరు బిరడా తాగుతారా, వైను తాగుతారా?"

నేను లోపల్నుంచి, "కాస్త మెల్లగా! బయట బేరాలున్నాయి" అని అరిచేదాన్ని. విరిగిన చేగోడీలు ఒక పళ్ళెంలో పెట్టి ఇచ్చేదాన్ని. మంచివి అమ్మకానికి. ఒక్కోసారి జనం పలచబడ్డాక గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఆవిడ తాగేది వైను కాదు, ఆ డాక్టరమ్మ చేతి క్రిస్మస్. ఆయన తాగేది ఆ ఎర్రమట్టి. రెండూ ఒక సీసాలో ఎలా పడతాయి? ఎవరూ తగ్గేవాళ్ళు కాదు.

సాంబయ్య ఊరుకుంటాడా? "వదినా, ఇద్దరూ ఒంటరి మనుషులు. నీ ఇంట్లో ఇదేంటి? జనం ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఆ జనమంతా రోజూ నా గ్రిల్లు ముందు నిలబడేవాళ్ళేగా. అడిగి చెబుతాలే" అన్నాను.

ఇద్దరికీ నచ్చింది

ఇక్కడ నేను చేసిన తప్పు ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నెలనెలా ఆ గొడవ విని విసుగేసి, కంపెనీ మనిషిని అడిగాను. పండు ఉండాలి, వగరూ ఉండాలి, ఖరీదు పెరగకూడదు, అలాంటిది ఉందా అని. ఆయన వెతికి, రెండు రకాల ద్రాక్ష కలిపిన ఆస్ట్రేలియాదే ఇంకొకటి తెచ్చాడు. చెంచాతో చూశాను. మొదలు ఆవిడది, చివర ఆయనది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ శనివారం అదే ఇచ్చాను. ఇద్దరూ ఒక గుక్క తాగారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"బాగుందండి" అన్నారు ఆయన.

"అవునండి, బాగుంది" అన్నారు ఆవిడ.

అంతే. ఇంకేం మాటల్లేవు. ఆయన గోడ మీది క్యాలెండరు చూశారు. ఆవిడ చేగోడీ తుంచి తుంచి పొడి చేశారు. ఎప్పుడూ ఆఖరి నిమిషంలో పరిగెత్తేవాళ్ళు, ఆ రోజు చాలా ముందే స్టేషనుకు వెళ్ళిపోయారు.

తర్వాతి నెల ఆయన ఫోను చేశారు. "ఆ రకమే ఒకటి తీసిపెట్టండి. మా పక్కింటాయన తెనాలి వస్తున్నాడు. అతనికివ్వండి" అన్నారు. ఏ రకమో తెలిసిపోయాక రావడమెందుకు? సుగుణమ్మగారు ఒక్కరే వచ్చారు. ఆ తర్వాతి నెలా అంతే. ఆవిడ సీసా తీసుకుని వసారాలో కూర్చున్నారు. విప్పలేదు. ఎదురు కుర్చీ వంక చూశారు.

"ఆయన రావట్లేదా అండీ?"

"మనిషిని పంపుతున్నారమ్మా."

"ఓహో." సీసా సంచీలో పెట్టుకుంటూ, "చివరిసారి నేనేమైనా తప్పుగా మాట్లాడానా?" అని అడిగారు.

అప్పటికి నాకు అర్థమైంది. వాళ్ళు సరుకు కోసం వస్తున్నారనుకున్నాను. వాళ్ళొచ్చేది ఆ గొడవ కోసం. దాన్ని నేను తీర్చేశాను. కొనేవాడి అవసరం మొత్తం తీర్చేస్తే వాడు మళ్ళీ రాడు. ఆ రోజు ఆవిడ బండెక్కడానికి వెళ్తుంటే, కళ్ళజోడు తుడుచుకుంటూ నడుస్తుంటే, మా ఆయన లేకుండా మొదటిసారి షట్టరు దించిన సాయంత్రం గుర్తొచ్చింది. "ఒక కాకరకాయ తియ్యవే" అనేవాడు లేడు. సీసాలన్నీ అక్కడే ఉన్నాయి.

ఆ కలిపిన రకం పెట్టెలో ఎన్ని మిగిలాయో అన్నీ కంపెనీ మనిషికి తిప్పి పంపేశాను. ఆయన నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "ఇప్పుడే కదండీ కదలడం మొదలెట్టింది!" అన్నాడు. బాపట్లకు ఫోను చేశాను.

"ఆ రకం ఇక రాదండి."

"అయ్యో. ఎందుకని?"

"ఏమో, వాళ్ళు చెయ్యడం మానేశారట."

మంగ సంగతి తర్వాత నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే. దీనికి నాకు సిగ్గులేదు.

"మరి ఇంకేముంది?"

"పాతవే. పండుదొకటి, వగరుదొకటి."

"సుగుణమ్మగారు ఏదంటున్నారు?" అని అడిగారు.

"మీరు తాగేది కరక్కాయ నీళ్ళంటున్నారు."

"ఇంకా అదే మాటా! శనివారం వస్తున్నానని చెప్పండి" అన్నారు.

వచ్చారు. ఆ మధ్యాహ్నం వసారాలోంచి వచ్చిన అరుపులకు, లైన్లో నిలబడ్డవాళ్ళు, "లోపల ఎవరు మామ్మా, చుట్టాలా?" అని అడిగారు. అవునన్నాను.

షట్టరు దించాక

షాపులన్నీ ప్రభుత్వమే నడుపుతుందన్నప్పుడు మాది మూసేశాం. సరుకు లెక్కచెప్పి అప్పజెప్పాం. ర్యాకులు అమ్మేశాను. గ్రిల్లు పాత ఇనుముకి వేశాను. చెంచా ఉంచుకున్నాను.

తర్వాత కూడా కొన్నాళ్ళు ఇద్దరూ వచ్చారు. సీసా లేదు. నేను టీ పెట్టేదాన్ని. అల్లం ఎక్కువైందని ఆవిడ, చాల్లేదని ఆయన. నేను మధ్యలో కూర్చుని వత్తులు చేసుకునేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే అవే బాగున్న రోజులు.

ఆ పైన ఆయన బాత్రూములో జారిపడ్డారు. తుంటి విరిగింది. రైలెక్కడం మాట అటుంచి గుమ్మం దాటడమే కష్టమైంది. కూతురు వచ్చి ఆయన దగ్గర ఉంటోంది. ఫోను ఆ అమ్మాయే ఎత్తుతుంది. సుగుణమ్మగారు ఫోను చెయ్యలేదు. ఎవరని చెప్పుకుంటారు? రెండో శనివారం మాత్రం రేపల్లె బండి దిగి మా ఇంటికొచ్చేవారు.

"తెనాల్లో చిన్న పనుండి వచ్చానండి" అనేవారు.

ఏం పనీ ఉండేది కాదు. టీ తాగి, ఆ కుర్చీ వంక చూసి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. నేనూ అడిగేదాన్ని కాదు. నా కుర్చీ ఒకటి ఖాళీ అయి చాలా ఏళ్ళైంది. ఆ చూపు నాకు కొత్త కాదు.

ఈమధ్య కిషోర్ షాపు తెరిచాడు. నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఏసీ పెట్టాడు, లైట్లు పెట్టాడు, బాగానే ఉంది. పై అరలో ఒక మూల ఎవరికీ అందకుండా ఆస్ట్రేలియా సీసాలు కనిపించాయి. నా కళ్ళు చెమర్చాయంటే వీళ్ళు నవ్వుతారని ఏసీ మీద పెట్టాను. తర్వాతి రెండో శనివారం సుగుణమ్మగారు రాగానే, బాపట్లకు ఒక సీసా పట్టుకెళ్దామని అక్కడికి తీసుకెళ్ళాను. జీవితంలో మొదటిసారి కౌంటరుకి అవతల నిలబడ్డాను. నేను చెయ్యి పెట్టింది ఆ కలిపిన రకం మీద.

"అది వద్దండి" అన్నారు ఆవిడ. పక్కనున్న పండుది తీయించారు.

"ఆయనకది పడదుగా?"

"అందుకేనండి" అన్నారు.

డబ్బు ఆవిడే ఇచ్చారు. కిషోర్ తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు.

బాపట్ల

ఈమధ్య రైళ్ళలో సీసాలు పట్టుకుంటున్నారని బస్సులో వెళ్ళాం. పొన్నూరులో మారాం. దారి పొడుగునా ఆవిడ సంచీ ఒళ్ళోనే పెట్టుకున్నారు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టారు. "నేనొస్తే ఆ అమ్మాయి ఏమనుకుంటుందో" అన్నారు ఒకసారి. "నర్సునని చెప్పండి. అబద్ధం కాదుగా" అన్నాను.

తలుపు తీసింది కూతురు. నేను తెనాలి నుంచి అనగానే, "మామ్మగారా? నాన్న మీ చేగోడీల గురించి చెబుతుంటారండి" అంది. విరిగినవి పెట్టానని చెప్పారో లేదో.

ఆయన కిటికీ పక్కన పడకకుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి తలాడించారు. నా వెనకున్న మనిషిని చూసి, పక్కనే ఉన్న కండువా తీసి భుజాన వేసుకున్నారు. వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరం సాయం చెయ్యలేదు.

"ఎలా ఉన్నారు మాస్టారూ?"

"కనిపిస్తున్నాగా. సంచీలో ఏంటది?"

ఆవిడ సీసా తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళు చిట్లించి చూశారు.

"ఇదా! ఇంత దూరం మోసుకొచ్చింది ఈ సిరప్పా?"

"ఈ నెల వంతు నాదండి. నా ఇష్టం."

కూతురు కంగారుపడింది. "నాన్నకి మాత్రలున్నాయండి, ఎక్కువ వద్దు" అంది. సుగుణమ్మగారు బల్ల మీది మాత్రల అట్టలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. "ఒక్క చెంచా. మింగక్కర్లేదు, నాలుక మీద" అన్నారు. నేను సంచీలోంచి మా ఆయన చెంచా తీసిచ్చాను. ఎందుకు తెచ్చుకున్నానో అప్పుడు తెలిసింది.

ఆవిడ మూత తిప్పారు. గదంతా నేరేడుపళ్ళ వాసన వచ్చింది. ఆవిడే పట్టారు. ఎంతమందికి మందులు పట్టిన చేతులో. ఆయన నాలుక మీద ఉంచుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. ఉమ్మలేదు.

"ఎలా ఉంది?" అన్నారు ఆవిడ.

"తీపెక్కువ."

"మీకెప్పుడు నచ్చింది గనక."

ఆయన కళ్ళు తెరిచి, ఆవిడ వంకే చూస్తూ, "వచ్చే నెల వంతు నాది. మర్చిపోకండి" అన్నారు.

తిరుగు బస్సులో పొన్నూరు దాకా ఆవిడ కిటికీలోంచి చేలు చూస్తున్నారు. పొన్నూరులో దిగి ఇంకో బస్సు కోసం నిలబడ్డప్పుడు మెల్లగా అడిగారు. "మీవాళ్ళ షాపులో వగరుది దొరుకుతుందా అండీ?"

దొరకదు. నేను చూశాను. పై అరలో పండుది ఉంది, కలిపినది ఉంది. వగరుది లేదు.

అబ్బాయ్ కిషోర్, నువ్వడిగిన నాలుగు ముక్కలు ఇవే. ఇక నేనడిగేది ఒకటుంది. గుంటూరు వాళ్ళతో మాట్లాడి వగరుది తెప్పించు. ఒక్క సీసా అయినా సరే. ఎవరూ అడగట్లేదండీ అంటావు. నేను అడుగుతున్నాను. రెండో శనివారం లోపు రావాలి.